బోల్టుల బుట్ట

ఇస్తారి కాక తన జన్మలో ఒక్కసారి కూడా తుపాకి పేల్చలేదు. పేలే తుపాకుల ఎదుటికి నడిచి వెళ్ళడమే ఆయన ఉద్యోగం.

ఒమాన్‌లో బహ్లా ఊరు దాటి కొండలవైపు వెళ్తే, ఎండిపోయిన వాగు పక్కన ఉంటుంది మా షూటింగ్ క్లబ్. ఒక పొడవాటి రేకుల షెడ్డు, దాని కింద వరసగా బల్లలు, బల్లల మీద రైఫిళ్ళు. ఎదురుగా మైదానం. మైదానం చివర ఇసుక గట్టు, గట్టు ముందు చెక్క ఫ్రేములు, వాటికి అంటించిన గురి కాగితాలు. కాగితాలు చిల్లులు పడ్డాక ఎవరో ఒకరు నడిచి వెళ్ళి పాతవి పీకి కొత్తవి అంటించాలి. పెద్ద క్లబ్బుల్లో దీనికి మిషన్లు ఉంటాయట. మాకు ఇస్తారి కాక ఉన్నాడు.

ఆయనది మెట్‌పల్లి దగ్గర పల్లె. ఈ షెడ్డు కట్టిన కంపెనీలో లేబర్‌గా వచ్చాడు. ఆ ఇసుక గట్టు పోసినవాళ్ళలో ఆయనా ఒకడు. పని అయిపోయి కంపెనీ మనుషుల్ని ఇంకో సైట్‌కి తరలిస్తుంటే, క్లబ్ పెద్ద హమూద్ ఈయన ఒక్కణ్ణి అడిగి తీసుకుని తన వీసా మీదకు మార్చుకున్నాడు. ఎందుకు కాకా అంటే, "నేను తక్కువ మాట్లాడుత గద, గందుకే" అనేవాడు. అది పచ్చి అబద్ధం. పని లేనప్పుడు ఆయన నోటికి మూత ఉండదు. పనిలో మాత్రం ఒక్క మాట రాదు. తలకు తువ్వాల చుట్టి, జిగురు డబ్బా పట్టుకుని, పొలం గట్టు మీద పోతున్నట్టు తల వంచుకుని పోతాడు. వెనక్కి చూడడు.

ఊళ్ళో ఉన్న భార్య యాదవ్వకు తను చేసే పనేమిటో సరిగా చెప్పలేదు. ఆటల గ్రౌండు చూసుకుంటున్నానని చెప్పాడు. ఫోన్ మాట్లాడుతుండగా వెనక చప్పుడు వినిపిస్తే, "పెండ్లున్నది, పటాకలు కాలుస్తున్రు" అనేవాడు.

"మీ దగ్గర ఎప్పుడు పెండ్లేనా?" అని ఆమె.

"అరబ్బోళ్ళు. ఏం పనున్నది వాళ్ళకు" అని ఈయన.

ఇక బుట్ట సంగతి. రైఫిల్ వెనకభాగంలో ముందుకు తోసి బిగించే ఇనుప ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని బోల్టు అంటారు. అది తీసేస్తే తుపాకి ఉత్త గొట్టం. కాక కొత్తగా చేరినప్పుడు, ఆయన గట్టు దగ్గర ఉండగానే ఎవరో హుషారుకు రైఫిల్ ఎత్తి గురి చూశారట. పేల్చలేదు. కానీ కాక తిరిగి వచ్చి, అరబ్బీ ముక్క రాదు కాబట్టి ఏమీ అనకుండా, ఆ రైఫిల్లోని బోల్టును తనే లాగి బల్ల మీదున్న ఖర్జూరాల బుట్టలో వేసుకుని, ఆ బుట్ట పట్టుకుని మళ్ళీ గట్టు వైపు నడిచాడట. అందరూ ఏమవుతుందోనని హమూద్ ముఖం చూశారు. హమూద్ పాత సైనికుడు. నవ్వాడు. ఆ రోజు నుంచి అదే పద్ధతైంది. కాగితాలు మార్చే వేళకు కాక ఖర్జూరాకుల బుట్ట పట్టుకుని బల్ల బల్లకూ వెళ్తాడు. ఒక్కొక్కరూ బోల్టు తీసి బుట్టలో వేస్తారు. కాక వెనకే కహ్వా, అంటే అరబ్బు కాఫీ, కూజా పట్టుకుని నేను. బోల్టు వేసిన చేతికి కప్పు అందిస్తాను.

ఒమానీ ఇంట్లోగానీ సభలోగానీ కహ్వా కప్పును కుడిచేత్తోనే అందుకోవాలి. ఎడమచెయ్యి చాచడం మర్యాద కాదు, అవతలివాణ్ణి పురుగులా చూసినట్టు. అందుకని కుడిచేతిలో కప్పు ఉన్నంతసేపూ ఆ చెయ్యి తుపాకి మీద ఉండదు. ఇదంతా ఎవరూ కూర్చుని ఆలోచించి పెట్టింది కాదు, అలా కుదిరింది. అందరి చేతుల్లోకి కప్పులు వచ్చాక ఫుర్ఖాన్ భాయ్ పొడుగ్గా విజిల్ ఊదుతాడు. అప్పుడు కాక బయల్దేరతాడు, బోల్టులన్నీ తన చేతి బుట్టలోనే ఉండగా.

ఫుర్ఖాన్ భాయ్‌ది బోధన్. షెడ్డులో తుపాకుల వరస చూసుకునే బాధ్యత అతనిది. కొత్తవాళ్ళకు నేర్పడం, ఎవరికి ఎప్పుడు రైఫిల్ ఇవ్వాలో చెప్పడం కూడా అతని పనే. "ఇంకా కాలేదు. మల్లొచ్చే వారం చూద్దాం" అనే మాట అతని నోట్లో ఎప్పుడూ ఉండేది. ఆసాముల కొడుకులకు కూడా అదే మాట. నేను అతణ్ణి గౌరవించేది ఆ ఒక్క మాటకే.

నేను డిగ్రీ సగంలో వదిలేసి వచ్చి కహ్వా పోస్తున్నవాణ్ణి. దొరికిన పుస్తకమల్లా చదివినవాడి చేతికి కూజా ఇస్తే వాడి కడుపులో ఏముంటుందో నేను చెప్పక్కర్లేదు.

క్లబ్బుకు రోజులు బాగా లేవు. కుర్రాళ్ళు మస్కట్ వెళ్ళి ఏసీ హాళ్ళలో కాలుస్తున్నారు. షెడ్డు రేకులు తుప్పు పట్టాయి. మా జీతాలు వెనకబడ్డాయి. అప్పుడు ఫుర్ఖాన్ భాయ్ కమిటీ ముందు ఒక ఆలోచన పెట్టాడు. క్లబ్బులోనే తుపాకులు అమ్ముదాం. పోలీసుల పర్మిట్ ఉన్నవాళ్ళకే, చట్టప్రకారమే. మన దగ్గర నేర్చుకున్నవాడు ఎక్కడో కొనే బదులు మన దగ్గరే కొంటాడు. కమిటీ ఔననలేదు, కాదనలేదు. కొన్నాళ్ళు నడిపి చూడండి, తర్వాత తేలుద్దాం అంది.

షెడ్డు చివర స్టోర్ రూమును కౌంటర్ చేశారు. అద్దాల తలుపు, ఏసీ. ఇంగ్లీషూ కొంత అరబ్బీ వచ్చు కాబట్టి నన్ను అందులో నిలబెట్టారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. నాకు ఆ ఏర్పాటు నచ్చింది. ఎందుకు నచ్చకూడదు?

కహ్వా కాచేది కాశమ్మ. కడప మనిషి, హమూద్ ఇంట్లో పని. శుక్రవారాలు ఆమెను క్లబ్బు వంటగదికి తెస్తారు. నేను చొక్కా వేసుకుని వెళ్ళిన మొదటి రోజు ఎగాదిగా చూసింది.

"ఏమబ్బీ, పెండ్లికొడుకు మాదిరి ఉండావే. కూజా ఎవురు మోస్తారింక?"

"కౌంటర్ పని నాది ఇప్పుడు. కస్టమర్లకు పోస్తా. బయట బల్లల కాడ ఎవరికి వాళ్ళు పోసుకుంటారు."

"ఎవురికి వాళ్ళు పోసుకుంటే దాన్ని కహ్వా అనరు నాయనా, టీకొట్టు అంటారు."

గడప మీద కూర్చుని జిగురు కలుపుతున్న కాక తలెత్తాడు. "కుమారూ, ఒక మాట చెప్పు. కౌంటర్ల కొన్న తుపాకి ఎవరిది?"

"కొన్నోడిది."

"దాని బోల్టు?"

"అదీ కొన్నోడిదే."

"మరి నా బుట్టల ఏస్తడా?"

నాకు నవ్వొచ్చింది. "కొన్నోడు ఇంటికి పట్టుకపోతడు కాకా. నీ బుట్టతోని వానికేం పని?"

"కొన్న కొత్త చెప్పులు ఇంటిదాంక చేత పట్టుకపోతమారా? దుకాణం మెట్ల మీదనే ఏసుకుంటం."

కాశమ్మ పకపకా నవ్వింది. కాక నవ్వలేదు. జిగురు కలుపుతూనే ఉన్నాడు.

ఆయన అన్నట్టే అయింది. కొన్నవాడికి అక్కడే పేల్చి చూడాలనిపిస్తుంది. ఫుర్ఖాన్ భాయ్ దానికి అడ్డు చెప్పలేకపోయాడు. చెప్పలేకపోవడం ఏమిటి, తనే తూటాల డబ్బా ఒకటి కౌంటర్ మీద ఉచితంగా పెట్టాడు. ఇదివరకు విజిల్ మెడలో వేసుకుని బల్లల వెనక తిరిగే మనిషి ఇప్పుడు అద్దాల తలుపు దగ్గర నిలబడి గుమ్మంలోంచే ఊదుతున్నాడు. "ఇంకా కాలేదు" అన్న మాట అతని నోటి నుంచి నేను వినడం మానేశాను. కొనడానికి వచ్చినవాడితో ఆ మాట ఎలా అంటాడు? నేర్పేవాడూ అమ్మేవాడూ ఒకే మనిషైతే, నేర్పేవాడు కళ్ళు మూసుకుంటాడు. అతను చెడ్డవాడని కాదు. మా జీతాల కోసమే పరిగెత్తాడు. అది కూడా నాకు తెలుసు, అందుకే ఇంకా మండుతుంది.

ఆ శుక్రవారం సాలెం వచ్చాడు. ఖర్జూర తోటల ఆసామి, క్లబ్బుకు పెద్ద అండ. షెడ్డుకు కొత్త రేకులు వేయిస్తానని మాటిచ్చినవాడు. తన పర్మిట్ మీద రైఫిల్ కొనడానికి కొడుకు ఖల్ఫాన్‌ను వెంటబెట్టుకొచ్చాడు. కుర్రాడు పొడుగ్గా, అందంగా, ఎవరి మాటా పూర్తిగా వినకుండా ఉన్నాడు. వరసలో చివరి బల్ల ఖాళీగా ఉంది. ఆ కుర్రాడి కొత్త రైఫిల్ కౌంటర్ మీదే ఉంది. కాక మిగతా బల్లల నుంచి బోల్టులన్నీ సేకరించాడు. నేను సాలెంకు కహ్వా పోస్తున్నాను. ఫుర్ఖాన్ భాయ్ తలుపు సగం తెరిచి విజిల్ ఊది, తలుపు మూసి, రైఫిల్‌కు పట్టీ బిగించడానికి వంగాడు. పట్టీ బిగించి కుర్రాడి చేతికిచ్చాడు.

కుర్రాడు దాన్ని భుజాన వేసుకుని బయటికి నడిచాడు. వెళ్తూ డబ్బాలోంచి గుప్పెడు తూటాలు తీసుకున్నాడు. నేను చూశాను. అందరూ చూశారు. సాలెం కొడుకు ఠీవి చూసి మురిసిపోతున్నాడు. కాక అప్పటికి మైదానం చివరకు చేరి ఉంటాడన్న సంగతి ఆ అద్దాల గదిలో ఎవరి బుర్రలోనూ లేదు.

కాక మాత్రం లెక్క తప్పలేదు. కౌంటర్‌లోకి కహ్వా పళ్ళెం వెళ్ళడం ఆయన చూశాడు. పళ్ళెం వెళ్ళిందంటే లోపలివాళ్ళ చేతుల్లోనూ కప్పులే ఉంటాయి. ఇన్నేళ్ళుగా ఆయన ప్రాణం ఆ నమ్మకం మీదే నడిచింది. లోపల కప్పు తండ్రి చేతిలో ఉంది, తుపాకి కొడుకు చేతిలో ఉంది. ఆ సంగతి ఆయనకెవరు చెప్పాలి?

పేలింది.

అద్దాలు అదిరాయి. నేను తలుపు తోసుకుని బయటికి వచ్చేసరికి గట్టు ముందు ఎవరూ కనబడలేదు. ఒక్క ఫ్రేము ఊగుతోంది. ముసలి సభ్యులు కప్పులు చేత్తో పట్టుకుని లేచి నిలబడిపోయారు. ఖల్ఫాన్ రైఫిల్ దించి, "అక్కడ ఎవరైనా ఉన్నారా?" అని అరబ్బీలో అడిగాడు.

కొంతసేపటికి ఫ్రేము వెనకనుంచి తెల్ల తువ్వాల లేచింది. కాక నిలబడ్డాడు. దులుపుకున్నాడు. మేము అరుస్తున్నా వినకుండా మిగిలిన కాగితాలు కూడా అంటించి, అన్నీ పూర్తయ్యాకే బుట్ట తీసుకుని నడిచి వచ్చాడు. వచ్చి ఎవరి బోల్టు వాళ్ళకిచ్చాడు.

గుండు ఆయన పక్కనున్న ఫ్రేము కట్టెను చీల్చింది. చెక్క పేడు ఒకటి చెంపలో దిగింది. వంటగదిలో కాశమ్మ దాన్ని పిన్నుతో తీస్తూ ఉంటే కాక పళ్ళు బిగించి కూర్చున్నాడు.

"నొప్పా అన్నా?"

"నొప్పి లేదు. పెయ్యంత సల్లగైంది."

"ఆ పిల్లోడు సారీ అన్న్యాడా?"

"ఎవరున్నరో కనుక్కున్నడు గద. అదే సారీ అనుకోవాలె."

అప్పుడే యాదవ్వ ఫోన్ చేసింది. కాక ఫోన్‌ను చెంప తగలకుండా దూరంగా పట్టుకుని మాట్లాడాడు. ఆమె ఏమడిగిందో తెలియదు. ఈయన మాత్రం, "ఆఁ. పెండ్లే" అన్నాడు.

సాలెం వెళ్తూ వెళ్తూ కాక భుజం తట్టి అల్లా దయ అన్నాడు. కొత్త రైఫిల్‌ను కొడుకు కారులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే ఫుర్ఖాన్ భాయ్ కాకా నేనూ ఉండే రూముకు వచ్చాడు. కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు.

"ఇస్తారి భాయ్, వచ్చే శుక్రవారం కమిటీ కూర్చుంటది. కౌంటర్ ఉంచాలా తీసెయ్యాలా అని. ఇవాళ్టిది కూడా అడుగుతరు. నువ్వు ఒక్క మాట చెప్పు. విజిల్ ఊదకముందే నేను తొందరపడి పోయిన, నాదే గల్తీ అని."

కాక చెంప తడుముకున్నాడు.

"నాకోసం అడుగుతలేను. సచ్ చెప్తే నేను పోత. నేను పోతే కౌంటర్ పోతది. కౌంటర్ పోతే ఈ పోరడు పోతడు. సాలెం రేకులేపియ్యడు. అంతా అయినంక క్లబ్బుల నువ్వొక్కడివి ఉండి ఎవరికి కాగితాలు అంటిస్తవ్? చెప్పు."

"నువ్వు ఊదినవ్ గద ఫుర్ఖాన్ భాయ్" అన్నాడు కాక మెల్లగా.

"ఊదిన. ఊదలేదని ఎవరన్నరు? అల్లా కసం, ఆ రోజు నుంచి అన్నం దిగుతలేదంటే నమ్ముతవా?"

"ఆ రోజు ఇయ్యాలనే భాయ్. ఇంక అన్నం తినే యాళ్ళ కాలే."

ఫుర్ఖాన్ భాయ్ నవ్వబోయి నవ్వలేక వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా మా రూములో గాలి ఆడలేదు. కాక వంట చేస్తాడు, నేను గిన్నెలు కడుగుతాను, మధ్యలో మాట ఉండదు. పనిలో లేనప్పుడు నోరు మూయని మనిషి అలా ఉంటే రూము ఇరుకైపోతుంది. చివరికి నేనే కదిలించాను.

"ఒప్పుకో కాకా. ఒక్క మాటనే గదా. నిన్నేం ఉరి తియ్యరు."

"నీ కౌంటర్ పోతదని భయమా?"

"అవును. భయమే. కూజా మోసి మోసి నా చేతికి కాయలొచ్చినయ్. నీకేం, నువ్వు రేపోమాపో ఇంటికి పోయేటోనివి."

"గదే నేను జెప్పేది. ఇంటికి పోవాలె నేను." కాక రొట్టె తిరగేశాడు. "నాదే తప్పని ఒప్పుకుంటే అయిపాయె, అందరు సల్లగుంటరు. మల్ల శుక్రారం అటు ఎవరు పోవాలెరా? నేనే గద. ఆ పిలగాడు కూడ వస్తడు గద, కొత్త తుపాకి ఏసుకోని."

రొట్టె మాడిన వాసన వచ్చింది. మాడిందే తిన్నాం.

శుక్రవారం కమిటీ షెడ్డులోనే కూర్చుంది. ముసలివాళ్ళు నలుగురైదుగురు, మధ్యలో హమూద్. సాలెం వచ్చాడు, పక్కన ఖల్ఫాన్. కుర్రాడు తన రైఫిల్ తెచ్చుకుని చివరి బల్ల మీద పెట్టుకున్నాడు. ఫుర్ఖాన్ భాయ్ ఇస్త్రీ బట్టల్లో నిలబడి ఉన్నాడు, మెడలో విజిల్ ఉంది. అతని వేళ్ళు ఊరికే దాన్ని తడుముతున్నాయి.

హమూద్ పాత తరం మనిషి, మాతో హిందీలోనే మాట్లాడతాడు. కాకను ముందుకు పిలిచి, ఆ రోజు విజిల్ వేశారా లేదా అని అడిగాడు.

ఫుర్ఖాన్ భాయ్ నేల చూస్తున్నాడు. నేను కాక ముఖం చూస్తున్నాను. ఔనంటే ఒకడు పోతాడు, కాదంటే ఈయన మళ్ళీ వారం గుండుకు ఎదురుపోతాడు. నిజం చెప్పాలంటే ఏ జవాబు కావాలని కోరుకుంటున్నానో నాకే తెలియలేదు.

కాకకు వచ్చింది సైట్ హిందీ. అందులోనే చెప్పాడు. "సీటీ మత్ పూఛో, అర్బాబ్. టోక్రీ పూఛో."

విజిల్ సంగతి అడగొద్దు దొరా, బుట్ట సంగతి అడగండి. హమూద్ కనుబొమలు ముడిపడ్డాయి. కాక బుట్టను ఎత్తి చూపించాడు. వచ్చీరాని మాటల్లో, చేతులతో, చెప్పాల్సింది చెప్పాడు. విజిల్ ఎవరైనా మరిచిపోతారు, మనిషే కదా. ఇన్నేళ్ళు నేను విజిల్‌ను నమ్మి పోలేదు. బోల్టు నా చేతిలో ఉందని నమ్మి పోయాను. ఆ రోజు ఒక బోల్టు నా చేతిలో లేదు. అది క్లబ్బుది కాదు, కొన్నవాడిది అన్నారు. మీరు తుపాకులు అమ్ముకోండి, మానుకోండి, అది నాకు తెలియని విషయం. బుట్టలో బోల్టు వెయ్యని మనిషికి మాత్రం అమ్మొద్దు. నేను అడిగేది అంతే.

ముసలివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన గడ్డం నిమురుకుంటూ, ఇందులో కష్టమేముంది, కొన్నవాళ్ళు కూడా వేస్తారులే అన్నాడు. సాలెం కూడా తల ఊపాడు. హమూద్ మాత్రం వంటగది వైపు చూసి కహ్వా తెమ్మని సైగ చేశాడు.

కూజా ఎవరు పట్టుకోవాలి? కాశమ్మ దాన్ని నా చేతికే ఇచ్చింది. ఇస్త్రీ చొక్కాతోనే పట్టుకుని కాక వెనక నడిచాను. కాక మొదటి బల్ల దగ్గర బుట్ట చాచాడు. బోల్టు పడింది. నేను కప్పు ఇచ్చాను. రెండో బల్ల, మూడో బల్ల. ఇనుము ఇనుముకు తగిలి ఒక్కో చప్పుడు. హమూద్ కూడా తన పాత రైఫిల్ బోల్టు తీసి వేసి, కప్పు తీసుకున్నాడు.

చివరి బల్ల. కాక బుట్ట చాచాడు.

ఖల్ఫాన్ కూర్చునే ఉన్నాడు. కుడిచెయ్యి రైఫిల్ మీద ఉంది. కాకను చూడలేదు. "ఇది నాది" అన్నాడు అరబ్బీలో, నాతో. "నేను పేల్చను. వాడికి చెప్పు."

నేను చెప్పలేదు. అర్థమయ్యేంత అరబ్బీ కాకకు కూడా వచ్చు. బుట్ట అక్కడే ఉంది. దాని అంచు ఆకు ఒకటి ఊడి వేలాడుతోంది. షెడ్డులో గాలి లేదు, అయినా అది కదులుతోంది. కాక చెయ్యి నొప్పి పుట్టి ఉంటుంది, బోల్టుల బరువు అంతా ఇంతా కాదు. దించలేదు.

ఫుర్ఖాన్ భాయ్ ముందుకొచ్చి, "ఇస్తారి భాయ్, చాలు, అతను చెప్తుండు గద" అని తెలుగులో అన్నాడు, నవ్వుముఖం పెట్టుకుని. కాక వినలేదు. మిగతా బల్లల దగ్గర అందరూ కప్పులు పట్టుకుని ఇటే చూస్తున్నారు. కహ్వా ఎవరూ తాగడం లేదు.

ఖల్ఫాన్‌కు విసుగొచ్చింది. ఆ విసుగులోనే నా వైపు చెయ్యి చాచాడు, కప్పు కోసం. రైఫిల్ మీది కుడిచెయ్యి తియ్యలేదు. చాచింది ఎడమచెయ్యి.

నేను కప్పు నింపి ఉన్నాను. ఇవ్వలేదు. ధైర్యం అనుకోవద్దు. ఆ చేతిలో కప్పు పెట్టడం ఎలాగో నా చేతికి తెలియలేదు, అంతే. కప్పు పట్టుకుని నిలబడిపోయాను. కాక బుట్ట పట్టుకుని, నేను కప్పు పట్టుకుని, ఆ కుర్రాడు ఎడమచెయ్యి చాచి.

ఆ చెయ్యిని ముసలివాళ్ళందరూ చూశారు. వాళ్ళు చూడడాన్ని సాలెం చూశాడు.

సాలెం లేచాడు. కొడుకు దగ్గరికి వచ్చి, రైఫిల్ మీది చెయ్యిని మణికట్టు పట్టుకుని పక్కకు తీశాడు. బోల్టు లాగి బుట్టలో వేశాడు. తర్వాత రైఫిల్‌ను ఎత్తి కౌంటర్ గదిలోకి తీసుకెళ్ళి నా టేబుల్ మీద పెట్టి వచ్చాడు. ఇది ఇక్కడే ఉంటుంది, మేము కొనలేదు అన్నాడు హమూద్‌తో. కొడుకును తీసుకుని వెళ్ళిపోయాడు. కప్పులోని కహ్వా కూడా తాగలేదు. తాగకుండా పోవడమంటే తెంచుకుని పోవడమేనని అక్కడున్న అందరికీ తెలుసు.

కారు చప్పుడు వాగు దాటాక హమూద్ ఫుర్ఖాన్ భాయ్ వైపు తిరిగాడు. అరవలేదు. "నీ నోటితో 'ఇంకా కాలేదు' అనిపించడానికి నిన్ను పెట్టుకున్నాను. అదే నోటితో 'కొను' అనిపించాను. ఆ తప్పు నాది" అన్నాడు. విజిల్ సంగతి మళ్ళీ అడగలేదు. కౌంటర్ మూసెయ్యమన్నాడు.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. సాలెం రేకులు వేయించలేదు. సాలెం రావడం మానేశాక అతని బంధువులు కూడా క్లబ్బుకు రావడం మానేశారు. హమూద్ నన్ను పిలిచి, నిన్ను పెట్టుకునే శక్తి లేదురా, మస్కట్ రూవిలో నాకు తెలిసినవాడి దుకాణం ఉంది, మాట్లాడతాను అన్నాడు. తను పోతానన్నది తప్ప ఫుర్ఖాన్ భాయ్ చెప్పింది చెప్పినట్టే అయింది. సరైన పని చేసినందుకు నాకు దక్కింది ఇది. దీన్ని తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుతాను. ఎవరి మీదో తెలియదు. కాక మీద కోపం తెచ్చుకుందామని చూశాను. ఎక్కువసేపు నిలవలేదు.

నేను వెళ్ళే ముందు ఆఖరి శుక్రవారం. వచ్చినవాళ్ళు కొద్దిమందే. నేనే కూజా మోశాను. బోల్టులు బుట్టలో పడ్డాయి, కప్పులు చేతుల్లోకి వెళ్ళాయి. ఫుర్ఖాన్ భాయ్ మళ్ళీ బల్లల వెనక నిలబడి, ఒక్కో బల్ల దగ్గర వంగి చూసి, తర్వాత విజిల్ ఊదాడు.

"నువ్వు ఎన్నడు అటు రాలేదు గద" అన్నాడు కాక. "దా."

కూజా కాశమ్మకు ఇచ్చాను. "బద్రం నాయనా" అంది ఆమె.

కాక బుట్ట నా చేతిలో పెట్టాడు. అనుకున్నదానికంటే బరువు. జిగురు డబ్బా తను పట్టుకుని ముందు నడిచాడు. మైదానంలోకి దిగాం. వీపు వెనక తుపాకులన్నీ గొట్టాలు మా వైపే పెట్టుకుని ఉన్నాయి. బోల్టులన్నీ నా చేతిలో ఉన్నాయని తెలుసు. తెలిసినా వీపు నమ్మలేదు. చొక్కా తడిసి అంటుకుపోయింది. ఈ నడక ఈయన ఇన్నేళ్ళు ఎలా నడిచాడో నాకు అంతుపట్టలేదు.

సగం దూరంలో ఆగి వెనక్కి చూశాను. షెడ్డు నీడలో తెల్లటి దిష్‌దాషాల, ఆ పొడుగు అంగీల, వరస. ఒక్కొక్కరి కుడిచేతిలో చిన్న కప్పు. ఫుర్ఖాన్ భాయ్ ఆ వరస వెనక అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఏం జూస్తున్నవ్?" అన్నాడు కాక, ఆగకుండా.

"ఏం లేదు."

"బుట్ట ఉన్నదా చేతిల?"

"ఉన్నది."

"మరి నడువు. పొద్దుగూకుతుంది."